చింతపండు గిన్నెలో పడబోయిన తోడేలు

చిన్నీ,

నీ ఫ్రెండ్ తెచ్చిన కవరు నిన్న అందింది. చాక్లెట్లు అయిపోయాయి (నా షుగర్ గురించి అడగకు), ఆ పాత రోమన్ నాణెం మాత్రం ముందు మీ అమ్మ చేతిలో పడింది, నల్లగా, అక్కడక్కడా పచ్చగా ఉందని పూజసామాను తోమే చింతపండు గిన్నెలో వెయ్యబోతుంటే ఒక్క ఉదుటున లాక్కున్నాను. దాదాపు 1700 ఏళ్లుగా కంచు మీద కట్టిన పొర అది, పులుపు తగిలితే నిమిషాల్లో పోతుంది.

బ్యాంకు క్యాష్ కౌంటర్లో 30 ఏళ్లు నాణేలు లెక్కపెట్టాను గానీ ఒక్కదాన్నీ ఇంతసేపు చూసింది లేదు. మన రూపాయి బిళ్ల కంటే చిన్నది. భూతద్దం పెడితే ఒకవైపు శిరస్త్రాణం పెట్టుకున్న ఆవిడ, చుట్టూ 'ఉర్బ్స్ రోమా', అంటే రోమ్ నగరం. చక్రవర్తి బొమ్మా లేదు, పేరూ లేదు, ఊరినే దేవతగా చెక్కేశారు.

వెనక ఆడ తోడేలు, దాని కింద పాలు తాగుతూ రోములస్, రెమస్. రోమ్ పుట్టుక కథలో టైబర్ నదిలో వదిలేసిన కవలలు, మన కర్ణుడి పెట్టె గుర్తొస్తుంది కదూ. పైన రెండు నక్షత్రాలు కాస్టర్, పోలక్స్ అనే కవల దేవతలవి అంటారు, వాళ్లకీ మన అశ్వినీ దేవతల్లాగే గుర్రాలతో సంబంధం. అడుగున టి, ఆర్, పి అని ఉంటే మొదట టీవీ రేటింగే గుర్తొచ్చి నవ్వుకున్నాను. టి, ఆర్ అంటే జర్మనీలోని మీ ట్రయర్, పి అంటే అక్కడి టంకశాలలో మొదటి విభాగం. అంటే నువ్వు రోజూ ఆ రోమన్ల కాలం నాటి నల్ల గేటు పక్కనుంచి కాలేజీకి వెళ్లే ఊళ్లోనే దీన్ని సుత్తి దెబ్బతో కొట్టారన్నమాట! బొమ్మ కాస్త పక్కకి జరగడం ఆ దెబ్బ వల్లే.

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 330 మే 11న కాన్‌స్టాంటినోపుల్‌ని (ఇప్పటి ఇస్తాంబుల్) కొత్త రాజధానిగా ప్రారంభించాడు. ఆ రోజుల్లోనే రెండు ఊళ్ల పేర్లతోనూ నాణేలు వేయించాడు, కొత్త ఊరికి ఓడ ముక్కు మీద నిలబడ్డ విజయ దేవత, పాత ఊరికి ఈ తోడేలు. అప్పటికే క్రైస్తవానికి అండగా నిలిచినవాడు, అయినా ఆ పాత కథని వదులుకోలేదు. రోమ్ వాళ్ల అలక తీర్చడానికేనని నా అనుమానం. రాజధాని మారుతుందంటే జనం ఎలా ఉంటారో మన రాష్ట్రం వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అన్నట్టు, తోడేలు ముందుకి చూడటం లేదు, తల వెనక్కి తిప్పి పిల్లల్నే చూస్తోంది. మీ అమ్మకి భూతద్దం ఇచ్చి చూపించాను. చాలాసేపు చూసి, చింతపండు గిన్నె లోపల పెట్టేసి, "పాపం, ఇది తిన్నదో లేదో" అంది.

ఆదివారం దాకా ఆగకుండా ఫోన్ చెయ్యి.

నాన్న