వరికోతల్లో అడవిపిల్లి కూనలు కనిపిస్తే

అందరికీ నమస్తే. నర్సంపేట, పాకాల వైపు కోత మిషన్లు దిగాయి. గట్టు పక్క గడ్డిలో చారల కూనలు కనిపిస్తే తల్లి వదిలేసిందనుకోకండి. చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర కరచుకుని మోసుకుపోతుంది. ఆ కాస్త చోటు కోయకుండా వదిలి, కుక్కల్ని అటు రానివ్వకపోతే చాలు. ఆవుపాలు మాత్రం అస్సలు పట్టొద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. పాపం, ప్రేమతో చేసే పనే ప్రాణం తీస్తుంది.

దెబ్బ తగిలినదైతే దుప్పటి కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో చీకట్లో ఉంచి, వెంటనే ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు. కరిచినా, గీరినా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు రేబిస్ టీకాకు వెళ్లండి. ఇంట్లో పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.