ఆపరేషన్ తర్వాతి నొప్పి గురించి ముందే చెప్పండి

సంపాదకుడికి,

తుంటి కీలు మార్పిడికి ముందు ఇంప్లాంట్ గురించి, ఖర్చు గురించి ఆసుపత్రుల్లో ఓపికగానే చెబుతారు. ఆపరేషన్ అయ్యాక నొప్పి సంగతేమిటని అడిగితే మాత్రం "ఇంజెక్షన్ ఇస్తాంలెండి" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. పెద్దవయసువాళ్లకు అసలు టెన్షన్ అంతా ఆ నొప్పి గురించే.

వెన్నులో ఇచ్చిన మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. ఆ తర్వాత అంతా మార్ఫిన్, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మందుల మీదే నడిపితే వాంతులు, మలబద్ధకం, మగత రావచ్చు. కొందరు వృద్ధులకైతే ఎక్కడున్నారో కూడా తెలియనంత అయోమయం. ఆ మందుల అవసరాన్ని తగ్గించేదే నెర్వ్ బ్లాక్. మత్తు డాక్టర్ అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ తుంటికి వెళ్లే నరాల దగ్గర బుపివకైన్, రోపివకైన్ లాంటి మొద్దుబార్చే మందు వేస్తారు. ఆపరేషన్ తర్వాతి నొప్పిపై మత్తు డాక్టర్లు, సర్జన్లు కలిసిన ప్రాస్పెక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2021లో వెలువరించిన సిఫారసులు పారాసిటమాల్ వంటి మందులతో పాటు ఫాషియా ఇలియాకా బ్లాక్ (గజ్జ దగ్గర ఇచ్చే ఒక నెర్వ్ బ్లాక్) గానీ, సర్జనే కీలు చుట్టూ మత్తుమందు వేయడం గానీ మంచిదన్నాయి. అంటే బ్లాక్ ఇవ్వకపోవడం తప్పేమీ కాదు. ఏం చేయబోతున్నారో చెప్పకపోవడమే తప్పు.

ఎందుకంటే బ్లాక్‌లన్నీ ఒకటి కావు. తొడ ముందువైపు వెళ్లే ఫెమొరల్ నరానికి ఇస్తే తొడ కండరం కూడా పట్టు తప్పుతుంది, లేచి నిలబడితే పడిపోయే ప్రమాదం ఉంది. 2018లో వెలుగులోకి వచ్చిన పెంగ్ బ్లాక్ కీలు ముందువైపు వెళ్లే చిన్న కొమ్మలకే గురిపెడుతుంది కాబట్టి కాలి బలం చాలావరకు నిలుస్తుంది. అయినా కొందరిలో కాలు నీరసిస్తుంది. సాయం లేకుండా మంచం దిగొద్దని రోగికీ, పక్కనున్నవాళ్లకీ ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా!

మా అత్తగారికి బ్లాక్ బాగానే పనిచేసింది. కానీ అది దిగిపోయేటప్పుడు నొప్పి ఒక్కసారిగా ఎగదన్నవచ్చని మాకెవరూ చెప్పలేదు. అర్ధరాత్రి ఆమె విలవిల్లాడుతుంటే ఆపరేషనే చెడిందని భయపడ్డాం. బ్లాక్ దిగకముందే, డాక్టర్ రాసిన మాత్రలు వేళకు పడివుంటే ఆ బాధ చాలావరకు తగ్గేది.

ఆపరేషన్ అనుమతి పత్రంతో పాటు నొప్పి గురించి ఒక పేజీ, రోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వడాన్ని ఆసుపత్రులకు తప్పనిసరి చేయాలి. ఏ బ్లాక్, ఎన్ని గంటలు పనిచేస్తుంది, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, మొద్దుబారడం ఎంతకీ తగ్గకపోతే రాత్రివేళ ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి అందులో ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, మత్తుమందు గతంలో పడలేదా అని ముందురోజే అడిగి అదే కాగితంలో రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు