డాల్ఫిన్లను తరమని పడవలు కావాలి

సంపాదకుల వారికి,

చలికాలం సెలవులు దగ్గరపడగానే హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీలు ఒడిశాలోని చిలికా సరస్సుకు, శ్రీలంకలోని మిరిస్సాకు వెళ్లే యాత్రలకు ప్యాకేజీలు ప్రకటిస్తుంటాయి. ‘డాల్ఫిన్ దర్శనం గ్యారంటీ’ అన్న మాట కొన్ని కరపత్రాల్లో చూశాను. స్వేచ్ఛగా తిరిగే ప్రాణి కనబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చిన హామీ నిలబెట్టుకోవాలంటే పడవ సరంగు దాన్ని వెంటాడక తప్పదు. ఈ అమ్మకం తీరు మారాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

సాతపడా రేవులో మా కుటుంబం పడవ ఎక్కి చిలికాలోకి వెళ్లినప్పుడు, ఒక డాల్ఫిన్ వీపు నీటిపైన కనిపించీ కనిపించకముందే చుట్టుపక్కల పడవలన్నీ వేగం పెంచి అటే మళ్లాయి. అది మునిగి మరోచోట తేలితే మళ్లీ అటు పరుగు. ఇంకా దగ్గరికి పోనివ్వమని సరంగును తొందరపెట్టింది ప్రయాణికులే. అక్కడుండేవి ఇరావడీ డాల్ఫిన్లు. గుండ్రని తల, పొడుచుకు రాని మూతి, బిడియం వీటి లక్షణాలు. ఎగిరి గంతులు వేయడం అరుదు, ఊపిరి కోసం క్షణకాలం పైకి వచ్చి వెళ్లిపోతాయి. అంత పెద్ద సరస్సులోనూ వీటి సంఖ్య రెండు వందల లోపే. బురదనీటిలో దారినీ ఆహారాన్నీ అవి తాము చేసే శబ్దాల ప్రతిధ్వనితో వెదుక్కుంటాయి కనుక, లోతు తక్కువ నీటిలో ఇన్ని ఇంజిన్లు చుట్టుముడితే వాటికి దిక్కు తోచదు. పడవల ప్రొపెల్లర్లు తగిలి డాల్ఫిన్లు గాయపడిన సంఘటనలూ అక్కడ ఉన్నాయి.

శ్రీలంక దక్షిణ తీరంలోని మిరిస్సా దగ్గర కనిపించే నీలి తిమింగలాలకు ఓడల రద్దీయే పెద్ద ముప్పు. వాటిని ఢీకొనే ప్రమాదం తగ్గించేందుకు ఎమ్మెస్సీ అనే నౌకా సంస్థ 2022లో తన ఓడలను పదిహేను నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిపి నడపడం మొదలుపెట్టింది. సరుకు ఓడలే దారి మార్చుకున్నప్పుడు, కేవలం చూడడానికి వెళ్లే పడవ వంద మీటర్ల దూరంలో ఆగలేదా?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తిమింగలాలనూ డాల్ఫిన్లనూ అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో చేర్చింది. ఆ చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడంతో పాటు తరమడం కూడా ఉందన్న సంగతి పడవ ఎక్కేవారిలో ఎందరికి తెలుసు?

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యానికీ మన నగరం నుంచి సందర్శకులు పెరుగుతున్నారు. అక్కడి మడ అడవుల్లో నీటికుక్కలు, బావురు పిల్లులు బతుకుతున్నాయి. చేరువలోని హోప్ ఐలాండ్ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అక్కడ పడవ షికార్లు మరింత విస్తరించకముందే అటవీ, పర్యాటక శాఖలు కొన్ని నియమాలు ఖరారు చేయాలి. జంతువు కనిపించగానే వేగం తగ్గించాలి, దాని దారికి అడ్డుపోకూడదు, ఒకే జంతువు చుట్టూ పడవలు గుమిగూడకూడదు. ఇవి టికెట్టు మీద తెలుగులో అచ్చు వేయాలి. జంతువు కనిపించినా కనిపించకపోయినా సరంగుకు పూర్తి కిరాయి దక్కాలి. సరంగుల్లో ఎక్కువమంది మత్స్యకార కుటుంబాల వారే కనుక నియమాల భారం వారి కూలి మీద పడకూడదు.

నగరంలోని ట్రావెల్ ఏజెన్సీలు ఈ సీజన్ నుంచే ‘గ్యారంటీ’ అన్న మాటను ప్రకటనల నుంచి తొలగించాలని, బుకింగ్ సమయంలోనే ఈ నియమాలను ప్రయాణికులకు వివరించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లకుంట, హైదరాబాద్