వార్షిక నివేదిక 2024–25: ట్రీటీ 4 నేలపై మన అధ్యయన కార్యక్రమం

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్ర రాజధాని రెజైనాలోను, చుట్టుపక్కల ఊళ్ళలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉగాది, సంక్రాంతి, బతుకమ్మ పండుగలను ఏ లోటూ లేకుండా జరుపుకుంటున్నాయి. అయితే ఈ ప్రెయిరీ (గడ్డి మైదానాల) నేల చరిత్ర విషయంలో మన పిల్లలకు తెలిసినంత కూడా పెద్దలకు తెలియదని గత సర్వసభ్య సమావేశంలో పలువురు అన్నారు. ఆ మాట నిజమే. సస్కాచెవాన్ పాఠశాలల్లో ఆదివాసీ ప్రజలతో కుదిరిన ఒప్పందాల (ట్రీటీల) చరిత్ర బోధనను 2007లో తప్పనిసరి చేశారు. మనలో చాలామంది ఉద్యోగాల కోసం నేరుగా ఇక్కడికి వచ్చినవారం. అందువల్ల ఈ ఏడాది ఆదివాసీ ప్రజల చరిత్రను, నేటి జీవితాన్ని తెలుసుకునే అధ్యయన కార్యక్రమాన్ని చేపట్టాము. పండుగల నిర్వహణ, జమాఖర్చుల వివరాలను వేరుగా అందజేస్తున్నందున ఈ నివేదికను ఆ కార్యక్రమానికే పరిమితం చేస్తున్నాము.

దీనికి మరో కారణం కూడా ఉంది. కెనడా ఆదివాసీ వర్గాలైన ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మెతీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ సంతతి) ప్రజల ఆదివాసీ హక్కులను, ఒప్పంద హక్కులను రాజ్యాంగం గుర్తిస్తున్నదన్న వాక్యం 2021 జూన్‌లో కెనడా పౌరసత్వ ప్రమాణంలో చేరింది. ఆదివాసీ పిల్లలను ఉంచిన రెసిడెన్షియల్ స్కూళ్ళపై విచారించిన సత్యశోధన, సయోధ్య కమిషన్ 2015లో చేసిన 94 సూచనలలో చివరిది ఇదే. ఈ ఏడాది మన సభ్యులు కొందరు చేయి పైకెత్తి ఆ ప్రమాణం చేశారు. అందులోని ఒప్పందాలేమిటో తెలియకుండా దానిని అప్పజెప్పడం సబబు కాదని కార్యవర్గం భావించింది.

మొదటి సమావేశాలు పూర్తిగా ట్రీటీ 4కే సరిపోయాయి. 1874 సెప్టెంబరు 15న ఫోర్ట్ క్వాపెల్ వద్ద క్రీ, సోటో ఆదివాసీ ప్రజల నాయకులకు, బ్రిటిష్ రాణి తరఫున వచ్చిన లెఫ్టినెంట్ గవర్నర్ అలెగ్జాండర్ మోరిస్‌కు మధ్య ఈ ఒప్పందం కుదిరింది. అంతకు కొన్నేళ్ళ ముందే హడ్సన్స్ బే అనే వ్యాపార కంపెనీ ఈ విశాల భూభాగంపై తన హక్కును 3 లక్షల పౌండ్లకు కెనడాకు వదులుకుంది. తమ నేలకు మరొకరు సొమ్ము తీసుకోవడమేమిటని, ఆ డబ్బు తమకే చెందాలని పాస్క్వా అనే నాయకుడు ఆ చర్చల్లో కంపెనీ అధికారి ముఖం మీదనే అడిగాడు. ఆ ప్రశ్నపై మన సభ్యులు ఎంతోసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఐదుగురున్న కుటుంబానికి ఒక చదరపు మైలు చొప్పున రిజర్వు (ఆదివాసీలకు ప్రత్యేకించిన) భూమి, బడి, సేద్యపు పనిముట్లు, వేట హక్కు, మనిషికి ఏటా 5 డాలర్లు ఇస్తామని రాసుకున్నారు. ఆ 5 డాలర్లు నేటికీ 5 డాలర్లుగానే అందుతున్నాయి.

తరువాతి పదిహేనేళ్ళు ఈ మైదానాల చరిత్రలో అత్యంత కఠినమైన కాలం. బైసన్ అనే అడవిదున్నల మందలు అంతరించి ఆకలి పెరిగినప్పుడు ప్రభుత్వం తిండిగింజల పంపిణీనే లొంగదీసుకునే సాధనంగా వాడుకుంది. మెతీలు, కొందరు క్రీలు ప్రభుత్వంపై చేసిన 1885 పోరాటం ముగిశాక మెతీ నాయకుడు లూయీ రియెల్‌ను నవంబరు 16న ఈ రెజైనాలోనే ఉరి తీశారు. మరి పదకొండు రోజులకు బాటిల్‌ఫోర్డ్‌లో ఎనిమిది మంది ఆదివాసీలను ఒకే రోజున ఉరి తీశారు. అటుపై ఆదివాసీలు రిజర్వు దాటి వెళ్ళాలంటే అధికారి రాసిచ్చిన పాసు ఉండాలన్న పద్ధతి వచ్చింది. దానికి ఏ చట్టమూ ఆధారం లేదు. పండించిన ధాన్యం, పెంచిన పశువులు అమ్ముకోవడానికీ అనుమతి పత్రం కావలసి వచ్చింది. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మన సభ్యులను అన్నిటికంటే కలచివేసిన విషయం ఇదే. అదే కాలంలో వలస వచ్చిన వారికి 10 డాలర్ల రుసుముతో 160 ఎకరాలు దక్కుతున్నాయి.

శరదృతువులో సభ్యులు కుటుంబాలతో క్వాపెల్ లోయకు, లెబ్రె గ్రామానికి వెళ్ళారు. అక్కడి రెసిడెన్షియల్ స్కూలు 1884లో మొదలై 1998 వరకు నడిచింది. పిల్లలను చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు బడి బయట గుడారాలు వేసుకుని ఉండవలసి వచ్చేది. ప్రవేశ పరీక్ష రాసి సీటు వస్తే ఊరంతా సంతోషించే మన గురుకులాల్లో చదివిన సభ్యులు ఇక్కడి తేడాను అర్థం చేసుకోవడానికి కొంత సమయం తీసుకున్నారు: ఇక్కడ ఆదివాసీలకు సంబంధించిన ఇండియన్ యాక్ట్‌కు 1920లో చేసిన సవరణ పిల్లలను బడికి పంపడాన్ని నిర్బంధం చేసింది, మాతృభాష మాట్లాడితే దండించారు. 1907లోనే ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ ప్రెయిరీ పాఠశాలలను పరిశీలించి, వివరాలు అందిన 1,537 మంది విద్యార్థులలో దాదాపు 25 శాతం మంది మరణించారని నివేదించాడు. ఆ నివేదికను ప్రభుత్వం పెడచెవిన పెట్టింది. మన ప్రయాణంలో పెద్ద పిల్లలు తల్లిదండ్రులను ఎన్నో ప్రశ్నలు అడిగారు. వాటికి దాపరికం లేకుండా జవాబు చెప్పడమే మంచిదని కార్యవర్గం అభిప్రాయం.

ఈ చరిత్రను బాధల కథగా మాత్రమే చెప్పుకుంటే అది అసంపూర్ణమని మనతో మాట్లాడిన ఒక క్రీ పెద్ద సున్నితంగా హెచ్చరించారు. అందుకే శీతాకాలపు సమావేశాలను నేటి జీవితానికి కేటాయించాము. 1976లో ప్రారంభమైన ఫస్ట్ నేషన్స్ విశ్వవిద్యాలయం మన నగరంలోనే ఉంది. అక్కడ క్రీ, సోటో తదితర భాషలు నేర్పుతున్నారు. రెజైనా శివార్లలో తిరిగే గాలిమర కౌవెసెస్ ఫస్ట్ నేషన్ అనే ఆదివాసీ సమాజానిది. 2021 జూన్‌లో మారివల్ రెసిడెన్షియల్ పాఠశాల స్థలంలో గుర్తులేని 751 సమాధులున్నట్టు ప్రకటించింది వీరే. ఆ తరువాతి నెలలోనే తమ పిల్లల సంరక్షణ బాధ్యతను తామే చేపట్టే ఒప్పందంపై కెనడా, సస్కాచెవాన్ ప్రభుత్వాలతో కలిసి సంతకం చేశారు. సస్కటూన్ నగరం దగ్గరి వానుస్కేవిన్ వారసత్వ ఉద్యానవనానికి 2019 డిసెంబరులో బైసన్లు తిరిగి వచ్చాయి. మన సభ్యులు వేసవిలో అక్కడికి వెళ్ళి వాటిని చూశారు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు ప్రతిపాదనలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నది. కొత్తగా వచ్చే తెలుగు కుటుంబాల కోసం ట్రీటీ 4పై తెలుగులో ఒక చిన్న పుస్తకం తయారు చేసి, అచ్చుకు ముందు ఆదివాసీ పెద్దలకు వినిపించి వారి సవరణలు తీసుకోవాలి. జాతీయ సత్య, సయోధ్య దినమైన సెప్టెంబరు 30న సంఘం ఇతర వేడుకలేవీ పెట్టుకోకూడదు. అధ్యయన సమావేశాలకు వచ్చే పెద్దలకు, వారి సంప్రదాయం ప్రకారం పొగాకు సమర్పించడంతోపాటు, తగిన గౌరవ వేతనాన్ని బడ్జెట్‌లో విడిగా చూపాలి. ఈ ఏడాది ఆ మొత్తాన్ని సభ్యుల విరాళాలతో సర్దుబాటు చేశాము. ఇకపై అది సంఘం శాశ్వత వ్యయంగా ఉండాలని కోరుతూ ఈ నివేదికను సభ్యుల ఆమోదానికి సమర్పిస్తున్నాము.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున