బానగర్ సమాధి గృహం

సంపాదకులకు నమస్కారం.

మధ్యయుగపు చర్చి వాస్తుకళ ప్రస్తావన వస్తే మన పత్రికలన్నీ ఎత్తైన గోపురాల దగ్గరే ఆగిపోతున్నందున, ఉత్తర ఐర్లాండ్‌లో డన్‌గివెన్ సమీపాన, బానగర్ పాత చర్చి ఆవరణలో ఉన్న ఒక చిన్న సమాధి గృహాన్ని పాఠకుల దృష్టికి తెస్తున్నాను. సుమారు 12వ శతాబ్దం నాటిదిగా భావించే ఈ కట్టడాన్ని, చెక్కిన ఇసుకరాళ్లతో, బాగా ఏటవాలుగా ఉన్న రాతి కప్పుతో, అచ్చంగా ఒక బుల్లి చర్చిలా మలిచారు; సెయింట్ మురెడాక్ ఓహీనీ ఇందులోనే విశ్రమిస్తున్నాడని స్థానిక సంప్రదాయం. పడమటి గోడపై దండం పట్టిన మతగురువు బొమ్మ బాగా అరిగిపోయినా నేటికీ పోల్చుకోవచ్చు. సమాధి పక్కనున్న ఇసుకకు కోర్టు వ్యాజ్యాలలో గెలుపునిచ్చే శక్తి ఉందని ఓ నమ్మకం ఉంది. వకీళ్లు ఏమంటారో మరి! దగ్గరలోని బోవేవా శ్మశానంలోనూ ఇటువంటి సమాధి గృహమే ఉంది కానీ, పనితనంలో బానగర్‌దే పైచేయి అని నా అభిప్రాయం.

భవదీయుడు,
ఒక పాఠకుడు