పత్తితో మంచు మనిషి

సంపాదకులకు,

పోయిన మంగళవారం జిల్లా పేజీలో మీరు వేసిన ఫొటో చూసి వారమైంది, చిరాకు మాత్రం తగ్గలేదు. శీతాకాలం పాఠమట. కిటికీలు మూసిన గదిలో పిల్లల చేత పత్తితో మంచు మనిషిని చేయించారు. క్యారెట్ ముక్కు కూడా పెట్టారు. ఆదిలాబాద్ పత్తికి పేరున్న ఊరే, కాదనను. ఆ మంచు మాత్రం ఇక్కడ ఎప్పుడు కురిసింది?

అసలే మన భాషలో అన్నిటికీ మంచు ఒక్కటే మాట. గడ్డి మీద చుక్కలూ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఈ తేడా చెప్పాల్సిన బడిలో, గుమ్మం బయట ఉన్నదాన్ని వదిలేసి లేనిదాన్ని తయారుచేశారు.

నేను 26 ఏళ్లు సైన్సు చెప్పాను. డిసెంబర్‌లో రాత్రిపూట రెండు పలకలు గడ్డి మీద పెట్టించేవాణ్ని, ఒకటి వేపచెట్టు కింద, ఒకటి ఆరుబయట. తెల్లారి ఆరున్నరకు చూస్తే బయటి పలక మీద వేలితో పేరు రాసుకునేంత తడి, చెట్టు కింది దాని మీద దాదాపు ఏమీ ఉండేది కాదు. ‘చెట్టు అడ్డుపడ్డది సార్’ అనేవారు. పైనుంచి పడేదైతే కదా అడ్డుపడటానికి! ఆరుబయట పలక తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడితే, దాన్ని తాకిన గాలిలోని ఆవిరి నీరవుతుంది. చెట్టు కింద వేడి అంతగా పోదు. ఒకసారి వెనక బెంచీ పిల్లాడు ‘మబ్బు పట్టిన రాత్రి సలి తక్కువుంటది, మా తాత అంటడు సార్’ అన్నాడు. ఆ రోజు నాకు చెప్పడానికేం మిగల్లేదు.

డిసెంబర్ 22 మధ్యాహ్నం మీటరు కర్ర నిలబెడితే ఇక్కడ దాదాపు 94 సెంటీమీటర్ల నీడ పడుతుంది. మే నెలలో ఒకరోజు అదే కర్రకు నీడే ఉండదు. దీనికి ఏ బడ్జెట్ కావాలి?

ఇప్పుడు థర్మామీటర్ పగిలితే జీతంలో కోస్తారని బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. వాన కొలిచే డబ్బాలో మనీప్లాంట్ పెరగడం నేను కళ్లారా చూశాను. జలుబు చేస్తుందని తల్లిదండ్రులు, సిలబస్ కాలేదని హెచ్‌ఎం, ఫొటో అప్‌లోడ్ చేశారా అని పైవాళ్లు. నిజమే, ఫొటోకు మంచు మనిషే బాగుంటాడు. తడి పలకను ఎవరు లైక్ చేస్తారు?

మీ పత్రికా తక్కువేం తినలేదు. ఏటా ‘చలి పులి పంజా’ శీర్షికే. కవ్వాల్ అడవి దగ్గరివాళ్లం, పులి అంటే మా టెన్షన్ వేరు. 6 డిగ్రీలని వేస్తారు, ఏ ఊళ్లోనో, ఏ వేళకో రాయరు.

ఈసారి ఫొటో కావాలంటే మీ విలేకరిని పొద్దున ఆరున్నరకు పంపండి. పలకలు నేనే ఇస్తాను.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, ఆదిలాబాద్