సముద్రంలో కలిసే నీరంతా వృథా కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. చెన్నైకి తాగునీళ్లిచ్చే పూండి జలాశయం గేట్లు ఎత్తిన ప్రతిసారీ ‘వేల క్యూసెక్కులు సముద్రం పాలు’ అని వార్త వస్తుంది. అది చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

నాది నగరి. మా ఊళ్లో కుశస్థలి అని పిలుచుకునే ఏటి నీళ్లే పూండిలో చేరి, అక్కణ్ణుంచి కొసస్తలైగా పారి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి. నేనిప్పుడు ఆ చివరన, మింజూరులో ఉంటున్నాను. మా బావి నీళ్లతో పప్పు ఉడకదు. ఏళ్ల తరబడి బోర్లతో తోడేయడం వల్ల ఈ చుట్టుపక్కల నేల కిందికి సముద్రపు ఉప్పు చొరబడింది. ఏరు పారి ఇసుక తడిస్తేనే ఆ ఉప్పు కాస్త వెనక్కి తగ్గుతుంది. మరి ఆ నీళ్లు వృథా ఎలా అవుతాయి?

ఎన్నూరు ముఖద్వారం దగ్గర మొలలోతు నీళ్లలో చేతులతో బురద తడిమి రొయ్యలు పట్టేవాళ్లను చూశాను. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటే రొయ్య పిల్ల ఎదుగుతుంది. పైనుంచి ఏటి నీళ్లు రాకపోతే వాళ్ల చేతికి తగిలేది థర్మల్ కేంద్రాల బూడిద, మురుగే.

నగరానికి తాగునీళ్లు ముఖ్యం కాదని నేననడం లేదు. 2019 వేసవిలో చెరువులన్నీ ఎండిపోయినప్పుడు చెన్నై పడ్డ పాట్లు మరచిపోలేం. అలాంటి కరువు ఏడాది ఏటికి నీళ్లు వదలమని ఎవరూ అడగరు. కానీ పూండి నిండుగా ఉన్న ఏడాది కూడా వాన వెలిసి గేట్లు దించగానే ఏరు ఎండాలా? మనం ఆఖరి అంగుళం దాకా నింపుకుని, తుఫాను మీద పడ్డాక ఒక్కసారిగా వదులుతున్నాం. ఆ వరదకు రొయ్య పిల్లలూ కొట్టుకుపోతాయి, ఒడ్డున ఇళ్లూ మునుగుతాయి. 2015 డిసెంబర్‌లో చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కులు వదిలిన రాత్రి చెన్నైలో అడయారు నది ఒడ్డున ఏమైందో అందరికీ తెలుసు.

గంగకు ఏ నెలలో ఎంత నీరు వదలాలో కేంద్రం 2018లోనే నిర్ణయించింది. ఎగువ గంగలో నవంబర్ నుంచి మార్చి దాకా వచ్చే నీటిలో 20 శాతం వదలాలి. మన చిన్న ఏరుకూ అలాంటి లెక్క ఒకటి కావాలి. వాన సూచన రాగానే ముందునుంచే కొద్దికొద్దిగా వదలాలి. వానలు ఆగాక కూడా, జలాశయంలో ఉన్న నిల్వను బట్టి, మార్చి దాకా సన్నని ధార ఆగకుండా చూడాలి. ఏ రోజు ఎంత వదిలారో తామరపాక్కం, వల్లూరు ఆనకట్టల దగ్గర బోర్డు మీద రాసిపెట్టాలి.

మీకూ ఒక విన్నపం. ఈసారి గేట్లు ఎత్తినప్పుడు హెడ్డింగులో ‘సముద్రం పాలు’ అని రాయకండి. ‘ఎన్నూరు చేరిన ఏటి నీరు’ అని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మింజూరు, చెన్నై